కొత్తది వచ్చింది సరే, అందరినీ ఎప్పుడు పిలవాలి?

(కాలేజీ కంప్యూటర్ ల్యాబుల నిర్వాహకులు, విద్యార్థులు 2025 నవంబరులో విజయవాడలో కలిసినప్పుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత మొదటి ప్రసంగం నాకే ఇచ్చారు. నిర్వాహకులకు నా మీద ఏదో పాత పగ ఉన్నట్టుంది. ముద్దపప్పు, ఆవకాయ తిని వచ్చిన వాళ్లకు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ల గురించి చెప్పి మెలకువగా ఉంచడం నా వల్ల అయ్యే పనేనా? నిద్ర వస్తే నిద్రపోండి, ఏమీ అనుకోను. గురక పెట్టకుంటే చాలు.

ఈ రోజు ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాను. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ తయారైంది. పరీక్షలు అయ్యాయి, విడుదల చేశారు, పత్రికల్లో వార్త వచ్చింది. బాగుంది. పాత వెర్షన్ మీద తన పని తాను చేసుకుంటున్న మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన తెర మీద "కొత్తది వచ్చింది, వేసుకుంటారా?" అని ఎప్పుడు అడగాలి? విడుదలైన సాయంత్రమేనా? వారం పోయాకా? నాలుగు నెలల తర్వాతా? అసలు అడగాలా?

విడుదల చేశాక ఇంకా ఈ ప్రశ్న ఏమిటి అనిపించవచ్చు. బాగుందనే కదా విడుదల చేశారు, బాగున్నదాన్ని అందరికీ ఇవ్వడానికి ముహూర్తం దేనికి? చాలామంది ఇలాగే అనుకుంటారు. కానీ విడుదల చేయడం ఒక నిర్ణయం, పిలవడం ఇంకో నిర్ణయం. మళ్లీ చెబుతున్నాను, ఇవి రెండు నిర్ణయాలు. రెండింటినీ ఒకే రోజు తీసుకున్న చోటల్లా ఎవరో ఒకరు దెబ్బతిన్నారు. ఆ కథలు కొన్ని చెబుతాను.

మన ల్యాబుల్లో ఎక్కువగా ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు కాబట్టి అక్కడే మొదలుపెడదాం. ఉబుంటు మొదటి విడుదల 2004 అక్టోబరులో వచ్చింది. అప్పటి నుంచి సాధారణంగా ఏడాదికి రెండు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి. రెండేళ్లకోసారి వచ్చే ఏప్రిల్ విడుదలను ఎల్‌టీఎస్ అంటారు, అంటే దీర్ఘకాలం మద్దతు ఉండేది. దానికి ఐదేళ్లు భద్రతా సవరణలు వస్తాయి. మధ్యలో వచ్చే వాటికి తొమ్మిది నెలలే. ల్యాబులో పెట్టేది ఎప్పుడూ ఎల్‌టీఎస్సే. అవునా? వెనక వరసలో ఎవరో తల అడ్డంగా ఊపుతున్నారు. మీ ల్యాబుకు ఒకసారి వచ్చి చూడాలి.

ఇప్పుడు చూడండి. 24.04 ఎల్‌టీఎస్, అంటే 2024 నాలుగో నెలది, 2024 ఏప్రిల్ 25న విడుదలైంది. ఎవరైనా దించుకుని కొత్తగా వేసుకోవచ్చు. కానీ 22.04 వాడుతున్న వాళ్ల తెర మీద ఆ రోజు ఏమీ రాలేదు. మరుసటి రోజూ రాలేదు. మేలో రాలేదు, జూన్‌లో రాలేదు, జూలైలో రాలేదు. ఏదో చెడిపోయి కాదు, వాళ్ల పద్ధతే అది. ఒక ఎల్‌టీఎస్ నుంచి తర్వాతి ఎల్‌టీఎస్‌కు పిలుపు మొదటి పాయింట్ విడుదల తర్వాతే వస్తుంది. అంటే 24.04 కాదు, 24.04.1 రావాలి. మొదటి మూడు, నాలుగు నెలల్లో బయటపడ్డ లోపాలన్నీ సరిచేసి, ఆ సవరణలు కలిపి కట్టిన ప్రతి అది.

ఆ 24.04.1 కూడా చెప్పిన రోజుకు రాలేదు. ఆగస్టు 15 అన్నారు. పాత వెర్షన్ నుంచి వచ్చే దారిలోనే పెద్ద లోపాలున్నాయని తేలి ఆగస్టు 29కి జరిపారు. ఆ రోజు విడుదల చేశారు, పిలుపు తెరిచారు. అంతటితో అయిపోయిందా? లేదు. సెప్టెంబరు మొదట్లో మళ్లీ ఆపేశారు. అప్‌గ్రేడ్ చేసే సాధనం ఏ ప్యాకేజీ (ప్రోగ్రాము మూట) ఉంచాలి, ఏది తీసేయాలి అని లెక్కవేసే చోట తప్పు దొరికింది. దాన్ని సరిచేశాక తిరిగి తెరిచారు.

దీన్ని చూసి చాలామంది నవ్వారు. నాలుగు నెలలు ఆగి, రెండు వారాలు వాయిదా వేసి, తెరిచి మళ్లీ మూశారని. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే వాళ్ల చేతిలో ఒక తాళం ఉంది, అవసరమైనప్పుడు వేశారు. తాళమే లేని వాళ్ల సంగతి ఏమిటి?

ఆ తాళం ఎలా ఉంటుందో చూశారా ఎప్పుడైనా? మీరు అనుకున్నంత ఆర్భాటం ఏమీ ఉండదు. ఉబుంటు వాళ్ల సర్వరులో మెటా-రిలీజ్ అని ఒక ఫైలు ఉంటుంది, ఎల్‌టీఎస్ వాళ్ల కోసం మెటా-రిలీజ్-ఎల్‌టీఎస్ అని ఇంకొకటి. మామూలు టెక్స్ట్ ఫైళ్లు. ఒక్కో విడుదలకు కొన్ని వరసలు: పొట్టి పేరు, పూర్తి పేరు, వెర్షన్ అంకె, తేదీ, మద్దతు ఉంటే 1, లేకుంటే 0, విడుదల వివరాలు ఎక్కడున్నాయి, అప్‌గ్రేడ్ సాధనం ఎక్కడుంది, దాని సంతకం ఎక్కడుంది. అంతే. మీ కంప్యూటర్ అప్పుడప్పుడూ వెళ్లి ఆ ఫైలు చదువుతుంది. తనకన్నా కొత్త విడుదల అందులో కనబడితే మిమ్మల్ని అడుగుతుంది. లేకపోతే నోరు మూసుకుని కూర్చుంటుంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా 22.04 వాళ్లకు కబురు రాకపోవడానికి కారణం అదే. ఎల్‌టీఎస్ ఫైలులో 24.04 వరసలు ఇంకా చేర్చలేదు. సెప్టెంబరులో ఆపాలనుకున్నప్పుడు వాటిని తీసేస్తే సరిపోయింది. ఒక మనిషి ఒక టెక్స్ట్ ఫైలు దిద్దితే లక్షల కంప్యూటర్లలో అప్‌గ్రేడ్ ఆగిపోయింది.

మరి ఆగలేని వాళ్లో? వాళ్లకూ దారి ఉంది. డూ-రిలీజ్-అప్‌గ్రేడ్ అనే ఆదేశానికి చివర హైఫన్ డి తగిలిస్తే చాలు, పిలుపు రాకముందే వెళ్లిపోవచ్చు. నా దృష్టిలో మొత్తం పద్ధతిలో కీలకం ఇదే. అడిగిన వాడికి ఇవ్వడం వేరు, అడగని వాడి ముందు తెచ్చి పెట్టడం వేరు. అడగందే అమ్మయినా పెట్టదంటారు మనవాళ్లు. సాఫ్ట్‌వేర్ కంపెనీల దగ్గర ఇది తిరగబడింది, అడగకుండానే పెడతాయి, తినకపోతే కోప్పడతాయి. హైఫన్ డి కొట్టినవాడు తెలిసి అడుగు వేస్తున్నాడు. అతనికి ఏదైనా అయితే తిప్పలు పడగలడు, కనీసం ఎవరిని అడగాలో తెలుసు. కానీ తెర మీద పెట్టె చూసి "అవును" నొక్కిన ఆఫీసు గుమాస్తా సంగతి? ఆయన మిమ్మల్ని నమ్మి నొక్కాడు. మీరు అడిగారంటేనే, ఇది నీకు పనికొస్తుందని మాట ఇచ్చినట్టు. ఆ మాట ఇవ్వగలిగిన రోజు విడుదల రోజు కాదు. ఎప్పుడూ కాదు.

ఎందుకు కాదు? దీని మీద కాస్త నిలబడదాం.

ఖాళీ డిస్కు మీద కొత్తగా వేయడం ఒక పని. పరీక్షించేవాళ్లు వంద యంత్రాల మీద, వెయ్యి యంత్రాల మీద వేసి చూడగలరు. అప్‌గ్రేడ్ అంటే అది కాదు. మూడేళ్లు వాడిన యంత్రం మీద వేయడం. ఆ మూడేళ్లలో దాని యజమాని ఏం చేశాడో ఎవరికి తెలుసు? ఎక్కడో చూసి బయటి ప్యాకేజీ వనరులు చేర్చాడు. ప్రింటరు పనిచేయలేదని ఒక కాన్ఫిగరేషన్ ఫైలు చేత్తో దిద్దాడు, దిద్దానన్న సంగతే మరిచిపోయాడు. అప్‌గ్రేడ్ మధ్యలో ఒక ప్రశ్న వస్తుంది: ఈ ఫైలు మీరు మార్చారు, మీది ఉంచమంటారా, మాది పెట్టమంటారా? గుర్తుందా మీకు ఆ ప్రశ్న? ఎంతమందికి దానికి సరైన జవాబు తెలుసు? చేతులెత్తండి. ఇద్దరు. ఆ ఇద్దరూ నాతో కలిసి వచ్చినవాళ్లే.

20.04 నుంచి 22.04కు వెళ్లినప్పుడు ఏం మారిందో చూడండి. నెట్ సంభాషణలను భద్రంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 పోయి 3 వచ్చింది. పాతదాన్ని నమ్ముకున్న బయటి ప్రోగ్రాములు తెరుచుకోనన్నాయి. వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీ 7.4 పోయి 8.1 వచ్చింది. పదేళ్ల కిందట ఎవరో విద్యార్థి ప్రాజెక్టుగా రాసిన హాజరు పట్టీ సైటు, ఇప్పటికీ కాలేజీ మొత్తం దాని మీదే నడుస్తున్న సైటు, తెల్ల పేజీ చూపించింది. ఫైర్‌ఫాక్స్ మామూలు ప్యాకేజీ నుంచి స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీకి మారింది. ఇవేవీ లోపాలు కావు సుమండీ. అన్నీ కావాలని చేసిన మార్పులు, విడుదల వివరాల్లో రాసిన మార్పులు. కొత్తగా వేసుకున్నవాడికి ఇందులో ఒక్కటీ తెలియదు. పాతది ఉన్నవాడికే అన్నీ తగులుతాయి.

మన ఇళ్లల్లో కొత్త బియ్యం వచ్చిన వెంటనే వండరు కదా. అన్నం ముద్దవుతుందని కొన్ని నెలలు మాగనిస్తారు. అయితే బియ్యం మూలన పడేసినా వాటంతట అవే మాగుతాయి. సాఫ్ట్‌వేర్ మాగదు. ఎవరో ముందు వండుకుని, ముద్దయిన అన్నం తిని, ఇదిగో ఇక్కడ ముద్దయింది అని చెప్పాలి. అందరూ నాలుగు నెలలు ఆగితే ఐదో నెలలో కూడా అది మొదటి రోజు సరుకే. కాబట్టి "ఆగండి" అని సలహా ఇచ్చేవాళ్లు, నాతో సహా, ఒక విషయం ఒప్పుకోవాలి. మన నిశ్చింత ముందు వెళ్లిన వాళ్ల పుణ్యం.

ఆ ముందు వెళ్లేవాళ్లు ఎలాంటి దెబ్బలు తింటారో రెండు ఉదాహరణలు. 2017 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 17.10. కొన్ని లెనోవో ల్యాప్‌టాపుల్లో, మరికొన్ని కంపెనీల వాటిలోనూ, బయాస్ (కంప్యూటరును మొదలుపెట్టే ప్రోగ్రాము) పాడైంది. సెట్టింగులు మారిస్తే నిలవవు, కొన్నింట్లో యూఎస్‌బీ నుంచి బూట్ కూడా కాదు. డిస్కు చెరిపేసినా పోదు, ఎందుకంటే దెబ్బ తగిలింది డిస్కుకు కాదు, బోర్డు మీద ఉన్న చిప్పుకు. సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ఒక ఇంటెల్ డ్రైవరును ఆన్ చేసి ఉంచడం దీనికి కారణం. డిసెంబరులో డౌన్‌లోడ్ ఆపేశారు, ఆ డ్రైవరు తీసేసి 2018 జనవరిలో మళ్లీ పెట్టారు. ఒక్కసారి ఆలోచించండి. ఇది ఎల్‌టీఎస్ అయి, మొదటి రోజే అందరికీ పిలుపు వెళ్లి ఉంటే?

రెండోది మొన్న మొన్నటిదే. పోయిన నెలలో వచ్చిన 25.10లో, ఎప్పటి నుంచో ఉన్న చిన్న చిన్న ఆదేశాల స్థానంలో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాసినవి పెట్టారు. అందులో డేట్ ఆదేశం ఒక ఐచ్ఛికాన్ని సరిగా పట్టించుకోలేదు. తేదీ చూపించే ఆదేశం, అంతకన్నా చిన్నది ఇంకేముంటుంది? కానీ అప్‌డేట్లు ఉన్నాయా అని తనంతట తాను చూసుకునే స్క్రిప్టు ఆ ఆదేశం మీద ఆధారపడి ఉంది. ఫలితం, కొన్ని యంత్రాలు కొత్త అప్‌డేట్ల కోసం చూడటమే మానేశాయి. ఇప్పుడు సరిచేశారు. వచ్చే ఏప్రిల్‌లో ఎల్‌టీఎస్ రాకముందే, తొమ్మిది నెలల విడుదల మీద, తెలిసి వెళ్లినవాళ్ల దగ్గర ఈ తప్పు దొరికింది. మధ్య విడుదలలు ఎందుకు అని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

ఇక విండోస్ సంగతి. నవ్వుతున్నారు. నేను తిడతాననుకుంటున్నారు. ముందు ఒక మంచి మాట చెబుతాను.

2018 అక్టోబరు 2న విండోస్ 10కు 1809 అనే పెద్ద అప్‌డేట్ వచ్చింది. కొందరికి డాక్యుమెంట్లు, ఫొటోలు మాయమయ్యాయి. ఎలాగో వినండి, ఆసక్తిగా ఉంటుంది. కొందరు తమ డాక్యుమెంట్స్ ఫోల్డరును సీ డ్రైవు నుంచి వేరే చోటికి మార్చుకుంటారు. మార్చాక పాత చోట అదే పేరుతో ఒక ఫోల్డరు మిగిలిపోతుంది. ఒకే పేరుతో రెండు కనబడుతున్నాయని జనం విసుక్కుంటే, కొత్త వెర్షన్‌లో ఆ పాతదాన్ని తీసేసే కోడు రాశారు. తీసేసే ముందు అది ఖాళీగా ఉందా లేదా అని చూడలేదు. కొందరి ఫైళ్లు ఇంకా ఆ పాత చోటే ఉన్నాయి. పోయాయి. కొత్తగా కొన్న కంప్యూటరులో ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు. వాడిన యంత్రం మీదే, అదీ ఒక రకంగా వాడిన యంత్రం మీదే బయటపడుతుంది. ఇందాక నేను చెప్పిన మాటకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మంచి మాట ఏమిటంటే, అక్టోబరు 2న అది అందరికీ వెళ్లలేదు. సెట్టింగుల్లోకి వెళ్లి "అప్‌డేట్లు ఉన్నాయా చూడు" అని నొక్కిన వాళ్లకే వెళ్లింది. ఆటోమేటిక్‌గా పంపడం 9న మొదలుపెట్టాలనుకున్నారు. ఈలోపే గోల మొదలైంది, ఆపేశారు. నవంబరు 13న సరిచేసి మళ్లీ ఇచ్చారు. ఫైళ్లు పోయాయన్న ఫిర్యాదులు మొత్తం ఇన్‌స్టాల్ అయిన వాటిలో ఒక శాతంలో నూరోవంతు అని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆ వారం రోజుల తేడా లేకపోతే ఆ శాతం ఎంతమంది అయ్యేవారో ఊహించుకోండి. కాకపోతే ఇంకో సంగతీ ఉంది. విడుదలకు ముందే పరీక్షకులు కొందరు ఈ లోపం గురించి రాశారు. వేల ఫిర్యాదుల్లో అది అడుగున పడిపోయింది. ఎక్కువ ఓట్లు వచ్చినదే పైకి వచ్చే పద్ధతి కదా, అరుదుగా వచ్చే ఘోరానికి ఓట్లు ఎక్కడి నుంచి వస్తాయి? తర్వాత ఫిర్యాదుతో పాటు తీవ్రత ఎంతో కూడా రాసే వీలు పెట్టారు. ఆగడం ఒక్కటే చాలదు, ఆగినన్నాళ్లూ వినాలి.

ఇప్పుడు తిట్టాల్సిన సంగతి. విండోస్ 10 మొదట వచ్చినప్పుడు, 2015 జూలై 29న, విండోస్ 7, 8.1 వాళ్లకు ఏడాది పాటు ఉచితం అన్నారు. ఉచితం అనేసరికి పిలుపు కాస్తా వెంటపడటంగా మారింది. మూలన ఒక గుర్తు, రోజూ ఒక పెట్టె. 2016 మే నాటికి ఎంత దూరం వెళ్లిందంటే, ఆ పెట్టె మీద ఎర్ర ఇంటూ గుర్తు నొక్కి మూసేసినా, పెట్టె చెప్పిన వేళకు ఒప్పుకున్నట్టే లెక్క. ఇరవై ఏళ్లుగా ఇంటూ నొక్కితే వద్దని అర్థం. వద్దంటే సరేనన్నట్టు! గొడవ పెద్దదయ్యాక జూన్‌లో మార్చారు, స్పష్టంగా వద్దనే బటను పెట్టారు. కాలిఫోర్నియాలో చిన్న వ్యాపారం చేసుకునే ఒకావిడ, తాను అడగని అప్‌గ్రేడ్ వల్ల ఆఫీసు కంప్యూటరు మూలనపడిందని కోర్టుకు వెళ్లింది. 10 వేల డాలర్లు ఇమ్మని తీర్పు వచ్చింది, కంపెనీ అప్పీలు వెనక్కి తీసుకుని కట్టింది.

అప్పటి విండోస్ 10 చెడ్డదా? కాదు. నిజానికి బాగానే ఉంది. మంచిదాన్నే కాదనలేని విధంగా ఇచ్చి పదేళ్ల అనుమానం మిగుల్చుకున్నారు. ఆ రోజుల్లో భయపడి అప్‌డేట్లు మొత్తం ఆపేసుకున్న ఆఫీసులు నాకు తెలుసు. కొత్త వెర్షన్ రాకూడదని భద్రతా సవరణలు కూడా మానేశారు. దొంగ భయంతో తలుపు మూయబోయి ఇంటి గోడ కూల్చుకున్నట్టే కదా. ఆ నష్టాన్ని ఎవరి ఖాతాలో రాయాలి?

భద్రతా సవరణల మాట వచ్చింది కాబట్టి, మన తెలుగు వాళ్లందరికీ గుర్తుండాల్సిన కథ ఒకటి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను ఒక తెలుగు అక్షరం కూల్చింది. జ్ఞా. మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతం ఇరుక్కున్న జ్ఞా. అది మెసేజిలో వస్తే ఆ యాప్ పడిపోయేది, నోటిఫికేషన్‌గా వస్తే ఫోను మళ్లీ మళ్లీ మొరాయించేది. ప్రపంచమంతా మన అక్షరాన్ని చూసి భయపడింది ఆ వారం. సరే, ఆ గర్వం అలా ఉంచండి. అప్పటికే పరీక్షల్లో ఉన్న ఐఓఎస్ (ఐఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్) 11.3లో ఆ లోపం లేదు. ఆపిల్ ఏం చేయవచ్చు? "11.3 వచ్చేదాకా ఆగండి" అనవచ్చు. అనలేదు. ఆ ఒక్క సవరణను తీసి 11.2.6గా ఫిబ్రవరి 19న ఇచ్చింది. కొత్త హంగులు లేవు, కొత్త మెనూలు లేవు. ఇలాంటిది వెంటనే ఇవ్వాలి, అడగకుండానే ఇవ్వాలి. సవరణను కొత్త విడుదల తోకకు కట్టి, ఇది కావాలంటే అదీ వేసుకో అనడం పిలుపు కాదు, మెడ మీద చెయ్యి వేసి తోయడం. అదే ఆపిల్ 2021లో ఐఓఎస్ 15 వచ్చినప్పుడు, 14లోనే ఉండి భద్రతా సవరణలు తీసుకోవచ్చంది. కొన్ని నెలలకే ఆ వీలు తీసేసింది. అందరికీ నచ్చిన ఒక మంచి పని అలా పోయింది.

వెంటనే అంటే అందరికీ ఒకే నిమిషంలో అని కాదు. 2024 జూలై 19 గుర్తుందా? హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు. అది ఆపరేటింగ్ సిస్టమ్ విడుదల కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన చిన్న ఫైలు. ఒకేసారి అందరికీ వెళ్లింది, 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర వేసుకున్నాయి. ఉబుంటులో మామూలు అప్‌డేట్లు అంచెలంచెలుగా వెళ్తాయి. మీ యంత్రానికి ఉన్న గుర్తింపు సంఖ్య, ప్యాకేజీ పేరు, దాని వెర్షన్, ఈ మూడింటిని కలిపి మీ యంత్రమే ఒక అంకె వేసుకుంటుంది. ఇవాళ పది శాతానికి తెరిచారంటే, ఆ అంకె పది లోపు ఉన్నవాళ్లకే. కొత్త క్రాషులు కనబడితే అక్కడే ఆగిపోతుంది. కొన్ని ప్యాకేజీలు "వెనక్కి ఉంచాం" అని టెర్మినల్‌లో వస్తే కంగారు పడి నాకు ఫోను చేస్తారు చూడండి, అది ఇదే. పాడవలేదు. మీ వంతు రాలేదు. ఆపిల్ కూడా ఇంతే. అడిగిన వాళ్లకు ముందు, ఆటోమేటిక్ పెట్టుకున్న వాళ్లకు ఒకటి నుంచి నాలుగు వారాల తర్వాత అని 2022లో వాళ్ల సాఫ్ట్‌వేర్ అధిపతే చెప్పారు.

ఇప్పటిదాకా ఆగమనే చెప్పాను. ఇప్పుడు రెండో వైపు. మరీ ఆలస్యంగా పిలవడం కూడా మోసమే. ఉబుంటు 20.04కు మామూలు మద్దతు ఈ మే 31తో అయిపోయింది. విండోస్ 10కు పోయిన నెల 14తో అయిపోయింది. ఇంకో ఏడాది పొడిగింపు ఉంది, నమోదు చేసుకుంటే. ఆఖరి నెలలో వచ్చే పిలుపు పిలుపు అవుతుందా? వెళ్లకపోతే ఇల్లు కూలుతుందని చెప్పి పిలిస్తే వద్దనే వీలు ఎక్కడుంది? పైగా విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఫలానా తరం ప్రాసెసర్ కావాలి. నీ యంత్రానికి కుదరదని చెప్పడం కూడా ఒక జవాబే. కానీ ఆ జవాబు మూడేళ్ల ముందు చెబితే ఆ కాలేజీ బడ్జెట్‌లో రాసుకుంటుంది. మూడు వారాల ముందు చెబితే ప్రిన్సిపాల్ గారు నా వైపు చూస్తారు.

అంటే పిలుపుకు సరైన కాలం మధ్యలో ఉంది. ముందు వెళ్లినవాళ్ల దెబ్బలు సరిచేసిన తర్వాత, పాతదాని గడువు తీరడానికి కనీసం ఏడాది ముందు. ఉబుంటు ఎల్‌టీఎస్‌లో ఆ కిటికీ ఏడాదిన్నరకు పైగా ఉంటుంది. అందుకే నేను వాళ్ల వైపు మాట్లాడుతున్నాను. ఉబుంటు మీద భక్తి ఏమీ లేదు, వాళ్లు చేసిన వాటిలో నాకు నచ్చనివి బోలెడున్నాయి. స్నాప్ గురించి టీ దగ్గర అడగండి.

ఆ కిటికీలో ఏ రోజు అన్నది మాత్రం తయారుచేసినవాడు చెప్పలేడు. మనం చెప్పాలి. ఏప్రిల్ విడుదల మనకు ఎప్పుడు వస్తుంది? పరీక్షల నెత్తిన వస్తుంది. సెమిస్టర్ ప్రాక్టికల్స్, ఆ వెంటనే ఈఏపీసెట్. ఆగస్టు పాయింట్ విడుదల? కొత్త పిల్లలు చేరే రోజులు. మార్చి 31 దగ్గర పడినప్పుడు ఆడిటరు ఆఫీసులో అప్‌గ్రేడ్ పెట్టె తెరుచుకుంటే ఆ ఆడిటరు ఏమంటాడో నేను ఇక్కడ చెప్పలేను, ముందు వరసలో పెద్దలున్నారు. జీఎస్టీ రిటర్ను వేసే 20వ తేదీ కూడా అంతే. పెట్టెలో "ఇప్పుడే", "తర్వాత" అని రెండు బటన్లు పెడితే చాలదు. "నెలాఖరు తర్వాత అడుగు", "సెలవుల్లో అడుగు" అనే వీలు ఉండాలి. ఎంత డేటా దిగుతుంది, ఎంతసేపు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది, ఇవి ముందే చెప్పాలి. కరెంటు సంగతి మనకు చిన్న విషయం కాదు. ఆండ్రాయిడ్ 7 నుంచి రెండు అరల పద్ధతి వచ్చింది. మీరు ఒక అరలో పనిచేసుకుంటుంటే కొత్తది రెండో అరలో చేరుతుంది. అది బూట్ కాకపోతే పాత అరకు వచ్చేస్తుంది. ఉబుంటు డెస్క్‌టాప్ అప్‌గ్రేడ్‌లో అది లేదు. సగంలో కరెంటు పోతే ప్యాకేజీలు పెట్టే డీపీకేజీ అనే సాధనానికి మళ్లీ మొదటి నుంచి నచ్చజెప్పాలి. కాబట్టి యూపీఎస్ బ్యాటరీ చూసుకోకుండా మొదలుపెట్టకండి.

సమయం అయిపోయిందని చెయ్యి చూపిస్తున్నారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. చెప్పండి. "సార్, మా ల్యాబులో 22.04 ఉంది, వచ్చే ఏప్రిల్‌లో 26.04 వస్తుంది కదా, నేరుగా దానికే వెళ్లిపోదామా?" మంచి ప్రశ్న. వెళ్లలేరు. ఉబుంటులో ఒక ఎల్‌టీఎస్ దాటి ఇంకోదానికి దూకడం ఉండదు, 24.04 మీదుగానే వెళ్లాలి. 22.04కు 2027 ఏప్రిల్ దాకా మద్దతు ఉంది. 26.04కు పిలుపు వచ్చే ఏడాది ఆగస్టు ప్రాంతంలో వస్తుంది. అప్పుడు రెండు మెట్లు ఒకేసారి ఎక్కడం కన్నా, వచ్చే సంక్రాంతి సెలవుల్లో 24.04కు వెళ్లండి. దాని లోపాలు బయటపడి, సరిచేసి ఏడాది దాటింది. ముందు ఒక్క యంత్రం మీద చేయండి, అదీ బాగున్న యంత్రం కాదు, ల్యాబులో అందరూ తిట్టుకునే యంత్రం. హాజరు పట్టీ సైటు సర్వరును మాత్రం చివరికి ఉంచండి, దాని పీహెచ్‌పీ కోడు ఎవరు రాశారో కనుక్కుని, ఆ మనిషి ఇప్పుడు ఎక్కడ ఉద్యోగం చేస్తున్నాడో తెలుసుకున్నాకే ముట్టుకోండి. 24.04లో ఉన్నది 8.3. ఈటీసీ కింద అప్‌డేట్-మేనేజర్ ఫోల్డరులో రిలీజ్-అప్‌గ్రేడ్స్ అనే ఫైలు ఉంటుంది, అందులో ప్రాంప్ట్ దగ్గర ఎల్‌టీఎస్ అని ఉందో లేదో ఇవాళే చూసుకోండి. నార్మల్ అని ఉంటే మీకు తొమ్మిది నెలల విడుదలకు కూడా పిలుపు వస్తుంది, పిల్లల్లో ఎవరో ఒకరు "అవును" నొక్కేస్తారు. టీ వచ్చినట్టుంది, మిగతా ప్రశ్నలు అక్కడ.